ఫోనుకు చెప్పిన అబద్ధం

పోయిన వారం నబీ సాబ్‌ను ఆయన దుకాణం ముందు, కుక్కర్ మూతల మధ్య బోర్లా పడినచోటే వదిలేశాం. ఈలోపు ఆయన అక్కడే పడి లేడు లెండి. నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక స్టవ్‌లూ కుక్కర్లూ బాగుచేసుకుని బతికే ఆ పెద్దమనిషిని, పక్కనే చాయ్ బండి పెట్టుకున్న వెంకట్రాములు ఆటోలో వేసుకొని దవాఖానకు చేర్చాడు. షుగర్ బాగా పడిపోయిందన్నారు, గ్లూకోజు సెలైన్ ఎక్కించారు. కబురు విని భార్య కుల్సుమ్‌బీ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చేసరికి ఆయన ఒకసారి కళ్లు తెరిచాడు. ఆమెను చూసి, మళ్లీ మూసుకున్నాడు.

చూసి మూసుకోవడానికి కారణం ఉంది. అది మొగుడూ పెళ్లాలిద్దరికే తెలుసని వాళ్ల నమ్మకం. షుగర్ ఉంది కాబట్టి ఈసారి రోజాలు వద్దని డాక్టర్ చెప్పాడు. కొడుకు షాహిద్ ఇంకో అడుగు ముందుకేసి, "రోజా ఉన్నవని తెలిసిననాడు దుకాణానికి తాళమేస్త" అన్నాడు. నబీ సాబ్ బుద్ధిగా తలూపాడు. తలూపి, రంజాన్ మొదలైన దగ్గర్నుంచీ దొంగతనంగా రోజా ఉంటున్నాడు. లోకంలో చాటుగా తినేవాళ్లుంటారు, ఈయన చాటుగా పస్తుంటాడు. తెల్లవారకముందు నీళ్లిచ్చే వంకతో కుల్సుమ్‌బీ రొట్టెలు గదిలోకి చేరవేసేది. మధ్యాహ్నం దుకాణానికి వెళ్లే టిఫిన్ డబ్బా బస్టాండులో ఎవరి ఆకలికో పనికొచ్చి, ఖాళీగా ఇంటికి వచ్చేది.

"నోరు తెరిస్తివా, నా మయ్యత్ చూస్తవ్," అని ఆమె చేతిని తన నెత్తిన పెట్టించుకొని మరీ ఒట్టు వేయించుకున్నాడు ఆ మహానుభావుడు. తన శవాన్ని అడ్డం పెట్టి పెళ్లాం నోరు మూయించే మగవాళ్లంటే ఒళ్లు మండిపోతుంది. కానీ కుల్సుమ్‌బీకి మండలేదు, భయమేసింది. ఇవాళ ఆ ఒట్టే ఆమె మెడకు చుట్టుకుంది.

"ఏ గోలి ఇచ్చినవ్ అమ్మీ?"

కొడుకు తల్లిని అడిగినట్టు లేదు, పోలీసు దొంగను అడిగినట్టుంది. వార్డు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్న కుల్సుమ్‌బీ ముందు షాహిద్ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. పొద్దుటినుంచి రోజా మీదున్నాడు, పెదాలు ఎండి తెల్లగా పొరలు కట్టాయి. రోజా ఉన్న మనిషి నోటినే కాదు కోపాన్ని కూడా కట్టేసుకోవాలంటారు. ఆ రెండో సంగతి షాహిద్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

"రోజూ ఇచ్చేదే ఇచ్చిన బేటా."

"ఎప్పుడిచ్చినవ్?"

జవాబు కుల్సుమ్‌బీ నోట్లో ఉంది, ఒట్టు అడ్డం ఉంది.

"నేను చెప్త ఎప్పుడిచ్చిండ్రో," అంది సమీనా.

సమీనా కోడలు. డిగ్రీ చదివింది. ఆ చదువు ఆ ఇంటికి ఎంత అక్కరకొచ్చిందో అంత బరువు కూడా అయింది. కరెంటు బిల్లయినా, గోలీల అట్టయినా, గద్వాలనుంచి ఆడబిడ్డ పంపిన మెసేజీ అయినా కుల్సుమ్‌బీ కోడలి దగ్గరికే తీసుకుపోవలసి వచ్చేది. సమీనా ఎన్నడూ కాదనలేదు. చదివి చెప్పేది. కాకపోతే చదవడానికి ముందు చేతిలో పని పక్కన పెట్టి ఒక నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు విన్న ప్రతిసారీ కుల్సుమ్‌బీకి తన ఇంట్లో తానే అడుక్కుతింటున్నట్టు ఉండేది.

ఆ కష్టం చూడలేక ఎదురింటి సారమ్మ ఫోన్లో కొత్తది ఒకటి నేర్పింది. "మైకు బొమ్మ ఒత్తి మాట్లాడు వదినా, నీ తీరునే తెలుగుల మాట్లాడ్తది, ఫోటో పెడితే చదివి గూడ చెప్తది" అంది. మొదట్లో కుల్సుమ్‌బీ బొమ్మ ఒత్తి, ఏం మాట్లాడాలో తెలియక నవ్వి, వదిలేసేది. తర్వాత అలవాటైంది. దాల్చాలో ఉప్పెక్కువైతే దాన్ని అడిగింది. గ్యాస్ ఎప్పుడొస్తుందో, కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో అడిగింది. మాట్లాడే ముందు సలాం చెప్పేది, అయిపోయాక "సల్లగుండు బిడ్డా" అనేది. అది ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. అదే పనిగా ఒకే సంగతి మళ్లీ మళ్లీ అడిగినా మొదటిసారి విన్నట్టే చెప్పింది. ఆ ముసలిదానికి అంతకన్నా ఏం కావాలి? కోడలి గది గడప తొక్కడం మానేసింది. గోలీల దగ్గర మాటా మాటా పెరిగిన రోజున, "నా మొగుని గోలీలు నేనే చూసుకుంట, నీ ఎహసాన్, నీ ఉపకారం నాకొద్దు" అని మొహం మీదే అనేసింది.

ఇప్పుడా ఫోను సమీనా చేతిలో ఉంది. హడావిడిలో కుల్సుమ్‌బీ చేతి సంచి కోడలికి ఇచ్చింది. ఆ ఫోనుకు తాళం గీళం ఏమీ లేవు, ఉన్నా తీయడం ఆమెకు రాదు.

"ఇగో వినుండ్రి," అని సమీనా ఫోను పైకెత్తి పట్టుకుంది. అందరికీ వినపడేలా సౌండు పెంచింది. వరండాలో కూర్చున్న వాళ్లంతా తలలు తిప్పారు.

ఫోనులోంచి ఎంతో మర్యాదైన గొంతు వచ్చింది. "ఈ మాత్రను టిఫిన్ వేళకు బదులు తెల్లవారుజామున ఇవ్వాలంటే, ఆయన అప్పుడే తినాలి, ఆ తర్వాత మధ్యాహ్న భోజనం కూడా మానకూడదు. ఆయన వేళకు తింటున్నారా? ఉపవాసం గానీ రోజా గానీ ఉంటున్నారా?"

కింద కుల్సుమ్‌బీ చెప్పిన జవాబు అక్షరాల్లో ఉంది. సమీనా ఒక్కో మాటా విడదీసి చదివింది.

"రోజా లేడు. మూడు పూటల కడుపు నిండ తింటుండు."

చదివి, ఫోను కిందికి దించింది. "డాక్టర్ టిఫిన్ టైముకు ఇయ్యిమన్న గోలి తెల్లారకముందే ఎందుకియ్యాల్సి వచ్చింది అమ్మీ? మూడు పూటల తినేటోనికి టైము మార్చే అవసరమేంది? ఎవ్వరిని అడిగిండ్రు? నన్ను అడగలే. మీ కొడుకును అడగలే."

ఆనాడు ఫోను ఎంత సరిగ్గా అడిగిందో కుల్సుమ్‌బీకి ఇప్పుడు అర్థమవుతోంది. రోజా ఉన్నాడా అని నోరు తెరిచి అడిగింది. అప్పుడు ఈమె అబద్ధం చెప్పింది. చెప్పకేం చేస్తుంది? ఒట్టు మనుషులకేనా, ఫోనుకు కూడానా అని నబీ సాబ్‌ను అడగలేదు. అది మాట్లాడుతుంది కదా, మాట్లాడేది ఎవరితోనైనా చెప్పదని నమ్మకమేంటి అనుకుంది. గుట్టు బయటపడకూడదని దానికీ మొగుడి పరువు కాపాడే మాటే చెప్పింది. ఇప్పుడా మాటే అందరి ముందూ ఈమె మీద సాక్ష్యం చెబుతోంది.

"చెప్పు అమ్మీ," అన్నాడు షాహిద్. "ఎందుకు మార్చినవ్?"

"ఊకనే."

"ఊకనేనా? సంపుకునేటోళ్లు గూడ ఇంత ఊకనే సంపరు."

ఆ మాటకు బెంచీ చివర కూర్చున్న ఆడమనిషి నాలుక కరుచుకుంది. షాహిద్ కరుచుకోలేదు. కుల్సుమ్‌బీ తల వంచుకొని చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. ఈ పిల్లగాణ్ని నడకొచ్చేదాకా నేలమీద దించకుండా పెంచింది. ఆ పెంపకం మీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది.

అంతలో డ్యూటీ డాక్టర్ నిరోష వార్డులోంచి వచ్చింది. వయసు చిన్నదే, మాట మాత్రం కరుకు. "ఇక్కడ అరవకండి, మీ గొడవంతా లోపలికి వినబడుతోంది," అని ముందు షాహిద్ నోరు మూయించి, తర్వాత విషయానికొచ్చింది. "గోలి రెండు మూడు గంటలు ముందు వేసుకున్నంత మాత్రాన ఇంతగా పడిపోదు. మధ్యాహ్నం తిన్నాడా ఆయన?"

"తిన్నడు డాక్టర్. డబ్బా ఖాళీగ ఉంది, నేను సూసిన," అన్నాడు షాహిద్.

"తినీ పడిపోయాడంటే కిడ్నీలు సరిగ్గా లేవేమో చూడాలి. మందు ఒంట్లోంచి బయటికి పోవట్లేదేమో. పరీక్షలు చేద్దాం, అవసరమైతే హైదరాబాద్ పంపాల్సి వస్తుంది. తినకుండా ఉండి పడిపోయాడంటే లెక్క వేరే. అలాంటిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, దాన్నిబట్టే మందు మారుస్తాను." డాక్టర్ అందరి మొహాలూ చూసింది. కుల్సుమ్‌బీ మొహం మీద కాస్త ఎక్కువసేపు ఆగింది. "ఏమమ్మా?"

కుల్సుమ్‌బీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. డాక్టర్ లోపలికి వెళ్లిపోయింది.

షాహిద్ తీర్పు చెప్పేశాడు. "ఇగ విను. ఈడికెళ్లి అబ్బాను సక్కగ గద్వాలకు తోలుకపోత. ఈద్ దాక అత్త ఇంట్లనే ఉంటడు. గోలీలు అత్త ఇస్తది. నువ్వు ఈ పండుగ దాక ఆయన తిండి జోలికి పోవద్దు, గోలీల జోలికి పోవద్దు."

"నేను పెట్టక ఎవ్వరు పెడ్తరు బేటా ఆయనకు?"

"నువ్వు పెట్టినందుకే గద ఈ గతి."

ఫోనును బెంచీ మీద పడేసి, భార్యను తీసుకొని మందుల దుకాణం వైపు వెళ్లాడు.

కుల్సుమ్‌బీకి అవమానం కన్నా ముందు భయం పట్టుకుంది. గద్వాలలో ఆడబిడ్డ ఇల్లు పెద్దది, పనులు పెద్దవి. అన్న రోజా ఉన్నాడో లేదో చూసే తీరిక ఆమెకు ఉండదు. ఈ ముసలాయన మొండి. అక్కడా ఉంటాడు రోజా. ఇక్కడైతే తెల్లవారకముందు రొట్టెలు పెట్టే మనిషి ఉంది, అక్కడ అదీ ఉండదు. ఉత్త కడుపు మీద గోలి మింగుతాడు, సాయంత్రందాకా పస్తుంటాడు. ఈసారి పడితే చాయ్ బండి వెంకట్రాములు పక్కన ఉండడు.

అంటే, నోరు తెరిస్తే మయ్యత్ అన్నాడు. తెరవకపోయినా మయ్యతే.

ఫోను తీసుకొని మెట్ల దగ్గరికి నడిచింది. గోడవైపు తిరిగి బొమ్మ ఒత్తింది. ఇవాళ సలాం చెప్పలేదు.

"నీకు నేను అబద్ధం చెప్పిన," అంది. "ఆయన రోజా ఉన్నడు. మొదటి దినం నుంచి ఉన్నడు. తెల్లారకముందు రెండు రొట్టెలు తిని గోలి ఏసుకుంటడు, మల్ల పొద్దుగూకి మగ్రిబ్ అయ్యేదాక మంచినీళ్లు గూడ ముట్టడు. ఇయ్యాల దుకాణంల పడ్డడు. దవాఖానల ఉన్నం. డాక్టరమ్మకు తెల్వదు. ఎవ్వలకు తెల్వదు. చెప్తే సస్త అని ఒట్టు పెట్టిండు. నేనేం జెయ్యాలె?"

ఆ గొంతు ఎప్పటిలాగే వచ్చింది. "మీరు ఇది చెప్పడం మంచిదైంది. దయచేసి ఇప్పుడే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. ఆయన పడిపోవడానికి కారణం ఇదే అయ్యే అవకాశం చాలా ఉంది. తెలియకపోతే డాక్టర్ వేరే కారణం వెతుకుతారు, అదే మాత్ర మళ్లీ కొనసాగవచ్చు."

"ఒట్టు తప్పితే ఆయనకేమన్న అయితదా?"

"ఒట్టు గురించి తీర్పు చెప్పడం నావల్ల కాదు. మీకు నమ్మకం ఉన్న పెద్దవాళ్లను అడగండి. కానీ ఈ మాత్ర వేసుకొని రోజా కొనసాగిస్తే ఆయన ప్రాణానికే ప్రమాదం. అది మాత్రం చెప్పగలను."

కుల్సుమ్‌బీకి దాని మీద ఎక్కడలేని కోపం వచ్చింది. "మరి ఆనాడు నువ్వు నన్ను గట్టిగ అడగొద్దా? ఉత్తగ తింటుండు అంటే నమ్ముడేనా? నా కోడలు తీరు గుచ్చి గుచ్చి అడగొద్దా? తిట్టి అడగొద్దా?"

"మీరు చెప్పింది నిజమనుకొని సమాధానం ఇచ్చాను. మీకు జరిగినదానికి బాధగా ఉంది," అంది అది.

ఆమెకు తిట్టనివాళ్లతో ఎలా పోట్లాడాలో తెలియదు. బతుకంతా తిట్టేవాళ్ల మధ్యే గడిచింది. ఫోనును రవికలో దోపుకుంది. కళ్లు తుడుచుకుంది. వార్డులోకి నడిచింది.

లోపల షాహిద్, సమీనా అప్పటికే మంచం పక్కన ఉన్నారు. డాక్టర్ నిరోష నబీ సాబ్ చెయ్యి పట్టుకొని చూస్తోంది. ఆయన మెలకువగానే ఉన్నాడు, కానీ కిటికీవైపు తిరిగి పడుకున్నాడు.

"డాక్టరమ్మా," అంది కుల్సుమ్‌బీ. "ఈయన తినలే. ఇయ్యాలనే కాదు, రంజాన్ మొదలైనకాంచి పగటి పూట ఏం తినలే. రోజా ఉంటుండు. చాటుగ ఉంటుండు. తెల్లారకముందు తిన్నప్పుడే గోలి ఇయ్యాలని నేనే టైము మార్చిన. డబ్బా బస్టాండుల ఎవ్వరికో ఇస్తుండె. నాతోటి ఒట్టు పెట్టించుకున్నడు, అందుకే చెప్పలే. అడిగినోళ్లందరికీ అబద్ధమే చెప్పిన."

అని, మొగుడి ఛాతీవైపు చూసింది. ఒట్టు తప్పింది. ఆయన ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఏమీ కాలేదు.

"ఇంత సంగతి ఇందాక అడిగినప్పుడు చెప్పొద్దా అమ్మా!" అంది డాక్టర్ విసుగ్గా.

షాహిద్ మంచం మీదికి వంగాడు. "అబ్బా, నిజమేనా? రోజా ఉన్నవా?"

నబీ సాబ్ మెల్లగా ఇటు తిరిగాడు. కొడుకును చూశాడు. ఆ కొడుకు మొహంలో దుకాణం తాళం కనిపించి ఉంటుంది. యాభై ఏళ్లనాడు తన అబ్బా పక్కన కూర్చొని స్టవ్ వత్తులు మార్చడం నేర్చుకున్న దుకాణం. అందులో కూర్చున్నంతసేపూ ఆయన నబీ సాబ్. ఇంటికొస్తే షాహిద్ వాళ్ల అబ్బా, అంతే. ఆ మాట నాకూ తెలుసు, మీకూ తెలుసు. కాబట్టి ఆయన భయాన్ని అర్థం చేసుకోవచ్చు. క్షమించడం మాత్రం కష్టం.

"లేదు బేటా," అన్నాడు. "డాక్టర్ వద్దన్నడు గద, ఎట్లుంట? పెరుగన్నం తిన్న మధ్యాహ్నం. మీ అమ్మకే ఈ నడుమ ఫోను పిచ్చి పట్టింది. అది ఏం చెప్తే అది చేస్తది. నేను వద్దంటే గూడ ఇనదు."

పక్క మంచం మీది రోగి దగ్గు ఆపుకున్నాడు.

కుల్సుమ్‌బీ పెళ్లయినప్పటినుంచీ ఈయన అబద్ధాలు చాలానే విన్నది. పెద్దవాళ్ల దగ్గర కొన్ని, గిరాకీల దగ్గర కొన్ని, తన దగ్గర బోలెడన్ని. కానీ ఆమెను ముందుకు తోసి తాను వెనక దాక్కోవడం ఇదే మొదలు.

"ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్తున్నారు," అంది డాక్టర్. "తేల్చుకొని నాకు చెప్పండి, నాకు వేరే పేషెంట్లున్నారు. ముందు ఆయనకు నోటితో ఏదైనా పట్టించండి. సెలైన్ ఒక్కటే చాలదు." ఆయాకు ఏదో చెప్పి వెళ్లిపోయింది.

ఆయా గ్లాసులో చక్కెర వేసిన పాలు తెచ్చింది. సమీనా చెయ్యి చాపింది. కుల్సుమ్‌బీ ఆ చెయ్యి దాటి గ్లాసు తాను తీసుకుంది.

"అమ్మీ, నువ్వు ముట్టకు," అన్నాడు షాహిద్.

"నేను పోసిన పాలు కావు బేటా ఇవి. దవాఖానోళ్లయి. ఇసం లేదు దీంట్ల."

మంచం పక్కన కూర్చుంది. మొగుడి తల కింద చెయ్యి పెట్టి లేపింది. గ్లాసు ఆయన నోటి దగ్గరికి తెచ్చింది. నబీ సాబ్ పెదాలు బిగుసుకున్నాయి. కళ్లు కిటికీవైపు పోయాయి. ఎదుటి గోడ మీద ఎండ ఇంకా పసుపుపచ్చగా ఉంది. మగ్రిబ్ అజాన్‌కు ఇంకా చాలా టైముంది. సెలైన్ సంగతి తనకు తెలియకుండా జరిగింది, నోటితో ఏమీ ముట్టలేదు, రోజా ఇంకా నిలిచే ఉందని ఆయన లెక్క. ఆ లెక్క కుల్సుమ్‌బీకి తెలుసు. ఆయన్ని ఆమె కన్నా బాగా చదివినవాళ్లు లేరు, అందుకు ఏ ఫోనూ అక్కర్లేదు.

"రోజా లేదంటివి గద," అంది మెల్లగా. "తాగు."

ఆయన తాగలేదు.

"బీమారైనోళ్లకు మాఫీ ఉంది. తాగినా పాపం లేదు. రోజా ఉన్ననని ఒక్క మాట చెప్పి తాగు. లేదంటే ఉత్తగ తాగు. ఏదో ఒకటి చెయ్యి షాహిద్ అబ్బా, కొడుకు సూస్తుండు."

ఆమె గొంతులో కోపం ఉంది, ఆ కోపం అడుగున బతిమాలుకోవడమూ ఉంది. ఒక్క మాట. కొడుకు తిడతాడు, తాళం వేస్తాడు, పదిరోజులకు తీస్తాడు. ఆ ఒక్క మాటతో ఆమె హంతకురాలు కాకుండా పోతుంది. నబీ సాబ్ కొడుకును చూశాడు. కోడలిని చూశాడు. పెళ్లాం కళ్లలోకి మాత్రం చూడలేదు.

నోరు తెరిచాడు. గ్లాసుకు పెదాలు ఆనించి, గుటకలు వేస్తూ, అడుగుదాకా తాగాడు.

ఒంటి మీద జ్వరం కాలుతున్నా, ఎండలో గోనె సంచులు మోసినా, అల్లా పేరు మీద పట్టిన రోజా విడవని మనిషి. కుల్సుమ్‌బీ ఆయన్ని ప్రేమించిన కారణాల్లో అదొకటి, మిగతావి ఎప్పుడో పోయాయి. ఆ రోజాను ఆయన ఇప్పుడు, ఆమెను అబద్ధాలకోరును చేయడం కోసం, ఆమె చేతులతోనే తెంపేశాడు.

"సూసినవా అమ్మీ?" షాహిద్ గెలిచినట్టు అన్నాడు. "రోజా ఉన్నోడైతే తాగుతడా?"

"తాగడు బేటా," అంది కుల్సుమ్‌బీ. "రోజా ఉన్నోడు తాగడు."

ఖాళీ గ్లాసు ఆయాకు ఇచ్చింది. లేచి కొంగు తల మీదికి లాక్కుంది.

"గద్వాలకు తోలుకపోతరో, ఏడికి తోలుకపోతరో మీ ఇష్టం. గోలీలు ఎవ్వరన్న ఇచ్చుకోండ్రి. ఇగ ఈయన తిన్నా నాకు తెల్వదు, పస్తున్నా నాకు తెల్వదు. నేను పోతున్న."

"కుల్సుం," అన్నాడు మంచం మీదినుంచి నబీ సాబ్. ఆమె వెనక్కి తిరగలేదు.

మెట్లు దిగింది. ఎక్కడికి పోవాలో తెలియదు. ఇల్లు అనేది ఒకటుంది, కానీ ఆ ఇంటి తాళం చెవి షాహిద్ దగ్గర ఉంది. తెలకపల్లిలో తమ్ముడున్నాడు, వాడింటికి వెళ్లి చాలా ఏళ్లయింది. గేటు బయట ఆటోలు నిలబడి ఉన్నాయి. వట్టి కాళ్లకు సిమెంటు చురుక్కుమంది.

"అమ్మీ, ఆగుండ్రి."

సమీనా. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. దగ్గరికొచ్చి, వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకొని, గొంతు తగ్గించింది.

"అబ్బా రోజా ఉన్నడు," అంది. "నాకు తెలుసు."

కుల్సుమ్‌బీకి వెంటనే ఎక్కలేదు. "ఏమంటివి?"

"మొదటి రోజే తెలిసింది. తెల్లారకముందు సహరీకి రొట్టెలు చేసేది నేను. ఎన్ని చేసినో, ఎన్ని మిగిలినయో నాకు తెల్వదా? మీరు కొంగు కింద పెట్టుకొని గదిలకు పోయేది రోజూ సూస్తనే ఉన్న."

కుల్సుమ్‌బీ కోడలి మొహంలోకి చూసింది. పదిమంది ముందు ఫోను పైకెత్తి ఒక్కో మాటా విడదీసి చదివింది ఈ మొహమే. ఎందుకు మార్చారు, అవసరమేంటి అని అడిగిందీ ఈ నోరే. తెలిసే అడిగింది. పైన కొడుకు తల్లిని హంతకురాలంటుంటే తెలిసే ఊరుకుంది.

"మరెందుకే?" అంది కుల్సుమ్‌బీ. "మనిషి పానం పోతుండె గదనే. ముందుగాల్నే ఒక్క మాట చెప్తే ఏం పోయేది నీది? గిట్ల గోలి ఇయ్యొద్దు అమ్మీ అని ఒక్కసారి ఎందుకు చెప్పలేదే?"

సమీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం మెత్తబడలేదు.

"మీరు నన్ను అడగలే అమ్మీ," అంది. "ఫోన్‌ను అడిగిండ్రు."